తీర్పరుల వరుసలో దోషి



మన తెలుగులో చట్టము, న్యాయము, నీతి అను మూడు మాటలున్నవి. వాడుకలో ఈ మూడును ఒకే ఇంటి అన్నదమ్ములవలె కలసి తిరుగుచుండును. పొలము గట్టు తగవు వచ్చినపుడు "న్యాయము చెప్పండి" అని ఊరి పెద్దల యొద్దకు పోవుదుము. వారు చెప్పినది మనకు నచ్చనియెడల "చట్టమున్నది, చూచుకొందము" అని కోర్టు మెట్లు ఎక్కుదుము. అక్కడను ఓడిపోయినచో "లోకములో నీతి చచ్చినది" అని గొణుగుకొనుచు ఇల్లు చేరుదుము. మనము గెలిచినప్పుడు మాత్రము ఈ మూడును ఒక్కటే అయినట్లు తోచును.

ఇవి ఎక్కడ కలియునో, ఎక్కడ విడిపోవునో చూపిన ఒక కథా గ్రంథమును గూర్చి ఈ నెల మీతో ముచ్చటింప దలచితిని. అది రష్యా దేశపు రచయిత లియో టాల్‌స్టాయి వ్రాసిన "పునరుత్థానము" అను నవల. పేరు చూచి ఇది ఈస్టరు ప్రసంగమని ఎంచవద్దు. ఇది ఒక కోర్టు కథ.

ఈ కథకు మూలమైన సంగతిని 1887లో అనటోలి కోని అను న్యాయవేత్త టాల్‌స్టాయికి చెప్పెను. ఒక పెద్దింటి యువకుడు కోర్టులో జ్యూరీ సభ్యుడుగా కూర్చుండి, ఎదుట దొంగతనము నేరముపై నిలువబడిన స్త్రీ ఒకప్పుడు తాను చెరిపిన పిల్లయే అని గుర్తుపట్టెనట. ఆమెను పెండ్లాడుటకు అతడు సిద్ధపడెను గాని, వివాహమునకు ముందే ఆమె చెరసాలలో జబ్బుచేసి మరణించెను. ఈ సంగతి టాల్‌స్టాయి మనస్సును విడువలేదు. పదేండ్లకు పైగా ఆయన దానిని వ్రాయుచు, మానుచు, తిరిగి వ్రాయుచు వచ్చి, 1899లో ప్రకటించెను. ఆ కాలమున దుఖొబొర్లు అను ఒక క్రైస్తవ శాఖవారు ఆయుధము పట్టమని చెప్పినందున రష్యాలో హింసలు పొందుచుండిరి. వారు కెనడా దేశమునకు వలసపోవుటకు సహాయముగా ఆయన ఈ పుస్తకపు రాబడిని ఇచ్చెను.

పుస్తకము చూడనివారి కొరకు కథ క్లుప్తముగా చెప్పెదను. కట్యూషా అను పిల్ల పెండ్లికాని ఒక పనికత్తెకు పుట్టినది. ఆ ఇంటి యజమానురాండ్రయిన ఇద్దరు అక్కచెల్లెండ్రు, తాము అవివాహితలు గనుక, దానిని చేరదీసి, సగము పనిపిల్లగాను సగము పెంపుడు బిడ్డగాను పెంచిరి. వారి మేనల్లుడు నెఖ్లూదొవ్ గొప్ప వంశమువాడు. విద్యార్థిగా ఉన్నపుడు అతడు ఆ ఇంటికి వచ్చి ఆమెను కల్మషము లేకుండ ప్రేమించెను. కొన్ని ఏండ్లకు సైన్యోద్యోగియై, లోకపు పోకడలు నేర్చి, ఈస్టరు పండుగకు మరల వచ్చెను. ప్రభువు లేచెనని ఒకరికొకరు చెప్పుకొన్న ఆ పండుగ దినములలోనే ఆమెను చెరిపెను. వెళ్లునపుడు నూరు రూబుళ్ల నోటు ఆమె చేతిలో కుక్కి పోయెను.

కొన్ని నెలలకు అతడు రైలులో ఆ దారినే పోవుచున్నాడని ఆమెకు తెలిసినది. గర్భవతియైన ఆ పిల్ల రాత్రివేళ గాలివానలో స్టేషనుకు పరుగెత్తెను. అతడు దీపములు వెలుగు మొదటి తరగతి పెట్టెలో మెత్తని ఆసనముపై కూర్చుండి నవ్వుచుండెను. ఆమె చీకటిలో నిలిచి అద్దము తట్టెను. బండి కదిలెను. ప్లాట్‌ఫారము ముగియువరకు ఆమె పెట్టెతో కూడ పరుగెత్తెను. వెంట వచ్చిన చిన్నపిల్ల, శాలువ పడిపోయినదని వెనుకనుండి కేకవేయుచుండెను. టాల్‌స్టాయి ఇక్కడ ఒక్క నీతివాక్యమైనను చెప్పలేదు. అద్దమునకు లోపల ఒకడు, వెలుపల ఒకతె, అంతే. దేవుడును మంచితనమును ఉన్నవని నమ్ముట ఆమె ఆ రాత్రితో మానుకొనెను. బిడ్డ చనిపోయెను. ఒక చోటినుండి మరియొక చోటికి తరుమబడి, తుదకు ఆమె పట్టణములో వేశ్యాగృహము చేరెను.

ఏండ్లు గడిచెను. ఒక వర్తకుడు విషముచే చంపబడి, అతని సొమ్ము దొంగిలింపబడిన కేసులో కట్యూషా ముద్దాయిగా కోర్టుకు తేబడెను. హోటలు పనివారిచ్చిన పొడిని నిద్రమందనుకొని పానీయములో కలిపినదే గాని, చంపవలెనని గాని, దోచవలెనని గాని ఆమెకు తలంపు లేదు. తీర్పు చెప్పుటకు పిలువబడిన జ్యూరీలో నెఖ్లూదొవ్ ఒకడు. జ్యూరీ యనగా వాది ప్రతివాదుల మాటలు విని, దోషియా నిర్దోషియా అని చెప్పుటకు ప్రజలలోనుండి ఎన్నుకొనబడిన కొందరు. ఆంగ్లేయుల కాలము నుండి మన దేశమందును కొన్ని కోర్టులలో ఈ పద్ధతి ఉండెను. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడుతో అది తొలగిపోయినది.

ఈ కోర్టు గది పుస్తకమంతటికిని గుండెకాయ. గది మూలను ముండ్ల కిరీటము ధరించిన క్రీస్తు పటమున్నది. గురువు వచ్చి ప్రమాణము చేయించును. అన్నియు క్రమముగా జరుగును. కాని అధ్యక్షుడైన న్యాయాధిపతికి ఒక స్త్రీని కలిసికొనవలెనను తొందర. ఇంకొక న్యాయాధిపతి ఉదయమే భార్యతో పోట్లాడి వచ్చినాడు. మూడవవానికి కడుపు జబ్బు. ప్రాసిక్యూటరు రాత్రి విందులో గడిపి, కేసు కాగితములు చదువకయే వచ్చినాడు. వీరిలో లంచగొండి ఒక్కడును లేడు. టాల్‌స్టాయి చూపులోని వాడి ఇక్కడనే ఉన్నది. దుష్టులు అన్యాయము చేయుట అందరు వ్రాయుదురు. మనవంటి సామాన్యులు, ఎవరి పనిలో వారుండి, కొంచెము తొందరలో, కొంచెము అలసటలో అన్యాయము చేయుట ఆయన వ్రాసెను.

జ్యూరీవారు ఆమెయందు జాలిపడిరి. దోచుకొను ఉద్దేశము లేదని వ్రాసిరి. అయితే, చంపు ఉద్దేశము లేదను మాట చేర్చుట మరచిరి. అట్లు చేర్చవచ్చునని అధ్యక్షుడు వారికి గుర్తుచేయుట మరచెను. ఆ కొద్ది మాటలు లేకపోవుటచేత ఆమెకు నాలుగేండ్ల కఠిన శిక్ష పడెను. పొరపాటు జరిగినదని అధ్యక్షునికి వెంటనే తెలిసినది. నిర్దోషికి శిక్ష పడినదని ముగ్గురు న్యాయాధిపతులును ఏకముగా ఎంచినయెడల దిద్దుటకు చట్టములో దారి కూడ ఉన్నది. ఒకడు ఒప్పుకొనలేదు. అధ్యక్షుడు గడియారము చూచుకొనెను. పని ముగిసెను. తరువాత పై న్యాయస్థానమునకు అప్పీలు పోయినను, విచారణ క్రమములో లోపము లేదని అదియు కొట్టివేయబడెను.

ఇక్కడ ఆగి ఆలోచింపుడి. చట్టము నెరవేరినది. ప్రమాణము, సాక్ష్యము, వాదన, తీర్పు, అప్పీలు, అన్నియు జరిగినవి. న్యాయము మాత్రము జరుగలేదు. ఇక నీతి? అది ఎక్కడ చెడినదో చూడవలెనన్న జ్యూరీ గదిలోని నెఖ్లూదొవ్‌ను చూడవలెను. కొద్ది మాటలు చేర్చుడని చెప్పగలిగినవాడు అతడే. తన సంగతి బయటపడునేమో అను భయముతో నోరు మూసికొని కూర్చుండెను. కడకు అలసి, లోపమును గమనింపలేదు. ఆమె విడుదలయైనచో ఆమె ముఖము ఎట్లు చూతునా అని అతనికి ఒక చింత ఉండెను. సైబీరియాకు పంపబడినచో ఆ చింత తీరును! ఈ నీచపు తలంపు అతని లోపల మెదలుటను టాల్‌స్టాయి దాచలేదు. అతడు అబద్ధమాడలేదు, లంచము తినలేదు. తాను ముద్దాయి ప్రక్కన నిలువవలసినవాడనని ఎరిగియు, తీర్పరుల వరుసలో కదలక కూర్చుండెను.

యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయము మీకు జ్ఞాపకము వచ్చియుండును. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని శాస్త్రులును పరిసయ్యులును తెచ్చి మధ్య నిలువబెట్టి, మోషే ధర్మశాస్త్రమును చూపిరి. ఆ ధర్మశాస్త్రము ఏమి చెప్పినదో లేవీయకాండము 20వ అధ్యాయములోను, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములోను చూడుడి. శిక్ష ఇద్దరికిని. స్త్రీ పట్టబడినదన్న, పురుషుడును అక్కడ ఉండినాడు గదా? వాడేడి? ధర్మశాస్త్రమును చేతపట్టుకొని వచ్చినవారే అందులో సగము మింగివేసిరి. ప్రభువు ధర్మశాస్త్రమును కొట్టివేయలేదు, ఆమె చేసినది పాపము కాదనియు చెప్పలేదు. సాక్షులే మొదట చేయి ఎత్తవలెనని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో ఉన్నది. ఆ చేతులను ఎత్తకముందు వారు తమ్మును తాము చూచుకొనునట్లు చేసెను. పెద్దవారు మొదలుకొని ఒక్కొక్కరుగా వెళ్లిరి. నెఖ్లూదొవ్ కథ ఆ అధ్యాయమునకు వ్యాఖ్యానమువంటిది. తేడా ఒకటే: కోర్టులో వెళ్లిపోవలసినవాడు వెళ్లలేదు.

చదువరీ, ఇది రష్యా దేశపు సంగతి అని పుస్తకము మూసివేయుదమా? ఈ మాటలు వ్రాయుచున్న నేను ఒకప్పుడు ఒక పల్లె సంఘపు కమిటీలో ఉన్నవాడను. ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత కూడుకొంటిమి. కూలిపని చేసికొని బ్రదుకు ఒక ఇంటి పిల్ల, పెండ్లికాకయే గర్భవతియైనది. తల్లి కొంగు పట్టుకొని గుడి గుమ్మము ప్రక్కన నిలిచినది. కార్యదర్శి నిబంధనల పుస్తకమునుండి నిబంధన చదివెను. ప్రభువు బల్లనుండి ఆమెను నిలిపివేయుటకు ఎవరెవరు సమ్మతింతురని అడుగగా, అందరము చేతులెత్తితిమి. నేనును ఎత్తితిని. పురుషుడు ఎవరని ఒక్కరును అడుగలేదు. అడుగకపోవుటకు కారణము తెలియక కాదు, తెలిసియే. అతని బంధువు మా మధ్యనే కూర్చుండెను, అతని చేయియు లేచినది. ఆ పని పది నిమిషములలో ముగిసినది. తరువాత కోతపండుగ లెక్కలకు గంటసేపు వాదించుకొంటిమి.

నిబంధన తప్పు అని నేను చెప్పను. సంఘములో క్రమశిక్షణ ఉండవలెను. ఆ దినము మేము నిబంధనను అక్షరము తప్పక నెరవేర్చితిమి. ఆ పిల్ల మరల గుడికి రాలేదు. ఎన్నో ఏండ్ల తరువాత ఈ నవలలో రైలు అద్దము తట్టిన చేతిని గూర్చి చదివినపుడు, గుమ్మము ప్రక్కన నిలిచిన ఆ పిల్లయే నాకు కనబడినది. దీపముల వెలుగులో మెత్తగా కూర్చున్నవారిలో నేనొకడను.

ఇంతవరకు పుస్తకమును మెచ్చుకొంటిని. ఇక దాని లోపములను కూడ చెప్పవలెను.

మొదటిది. ఈ అన్యాయములన్నిటిని చూచి టాల్‌స్టాయి, మనుష్యుడు మనుష్యునికి తీర్పు తీర్చుటయే తగదనియు, కోర్టులును చెరసాలలును మేలు కంటె కీడే చేయుననియు నిర్ణయించెను. కోపములో పుట్టిన ఈ మాటకు మనము ఆమేన్ అనజాలము. లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలు ఎక్కడికి పోయినది? దేవునికి భయపడని ఆ న్యాయాధిపతి యొద్దకే పోయినది, విసుగక పోయినది. బలవంతునికి కోర్టు లేకున్నను గడచును, వానికి కఱ్ఱయున్నది. దిక్కులేనివానికి చట్టమొక్కటే కఱ్ఱ. పౌలు సహితము ప్రాణాపాయములో కైసరు నెదుట చెప్పుకొందునని చట్టము నాశ్రయించెను.

మన పల్లె సంఘముల చరిత్రయే దీనికి సాక్ష్యము. మన తాతలలో అనేకులు ఊరి బావిలో చేద వేయనీయబడనివారు. రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955లో దానిని శిక్షార్హమైన నేరముగా చేయు చట్టము వచ్చినది. ఊరివారి హృదయములు మారిన తరువాత ఆ చట్టము రాలేదు. వచ్చిన తరువాత కూడ అనేక హృదయములు మారలేదు. అయినను, అవమానింపబడినవాడు పోయి ఫిర్యాదు చెప్పుకొనుటకు ఒక చోటు ఏర్పడినది. ప్రేమ పుట్టువరకు దాహముతో ఉండుమని ఎవరితోను చెప్పకూడదు గదా! చట్టము ప్రేమను పుట్టింపలేదు, కాని ప్రేమలేనివాని చేతిని పట్టి ఆపగలదు.

టాల్‌స్టాయి వాదముతో ఒకటి చెప్పి, కథతో మరియొకటి చూపెను. నెఖ్లూదొవ్ పశ్చాత్తాపపడిన తరువాత చేసిన పనియేమి? వకీలు ఇంటికి పోవుట, అర్జీలు వ్రాయించుట, అధికారుల గుమ్మములయొద్ద కాచుకొనుట, అప్పీలు పోయినపుడు చక్రవర్తికి మనవి పంపుట. తుదకు కఠిన శిక్ష తగ్గి సైబీరియాలో కాపురముండు శిక్షగా మారినది ఆ మనవి వలననే. మారిన మనస్సు చట్టమును తన్నివేయలేదు, ఇంకొకరి నిమిత్తము చట్టము చుట్టు కాళ్లరుగునట్లు తిరిగెను. రచయిత వాదము కంటె ఆయన కథయే మనకు మంచి ఉపదేశము.

రెండవది. చెరసాలలో జరుగు ఆరాధనను వర్ణించు అధ్యాయములలో ఆయన ప్రభువు బల్లను ఎగతాళి చేసెను. 1901లో రష్యా సంఘపు అధికార సభ ఆయనను తమ సంఘమునకు చెందినవాడు కాడని ప్రకటించుటకు ఇట్టి వ్రాతలే కారణము. బల్లను ప్రేమించు మనకు ఆ పుటలు నొప్పి కలిగించును, కలిగింపవలెను కూడ. అయితే సంకెళ్లతో నిలిచినవారి యెదుట అదే క్రీస్తు పేరు పలుకుచు, వారి బాధను పట్టించుకొనని భక్తిని గూర్చి ఆయన వేసిన ప్రశ్నకు మనము జవాబు చెప్పవలసియే యున్నది. ఆమోసు ప్రవక్తయు ఆ ప్రశ్ననే వేసెను.

మూడవది అన్నిటికంటె పెద్దది. పుస్తకము పేరు పునరుత్థానము, లేచిన ప్రభువు మాత్రము ఇందులో లేడు. కడపట నెఖ్లూదొవ్ మత్తయి సువార్త తెరచి, కొండమీది ప్రసంగము చదువును. అన్ని చిక్కులకు జవాబు దొరికినదని తలంచును. ఆజ్ఞలు అతనికి దొరికినవి, వాటిని నెరవేర్చుటకు బలమెక్కడిదో చెప్పబడలేదు. అందుచేత కథగా చూచినను ఈ చివరి పుటలు బలహీనములు. రైలు రాత్రిని కన్నులకు కట్టినట్లు వ్రాసిన చేయి ఇక్కడ పాఠము వల్లించుచున్నది.

కట్యూషా మాత్రము కడవరకు సజీవముగా నిలిచినది. నెఖ్లూదొవ్ పెండ్లాడెదనని వచ్చినపుడు ఆమె సంతోషింపలేదు, మండిపడినది. ఒకప్పుడు తన సుఖమునకు ఆమెను వాడుకొన్నవాడు, ఇప్పుడు తన ఆత్మరక్షణకు వాడుకొనజూచుచున్నాడని ఆమెకు తోచెను. ఇది ఎంత నిజమైన మాట! దోషి తన మనస్సు నెమ్మది కొరకు చేయు ప్రాయశ్చిత్తము వేరు, నష్టపోయినవారి మేలు కొరకు చేయునది వేరు. ఆమె ఆ కోపమును మెల్లగా దాటెను. త్రాగుడు మానెను. చివరకు అతని జీవితమునకు తాను బరువు కాకూడదని, తోటి ఖైదీయైన మరియొక మంచివానితో బ్రదుకుటకు నిశ్చయించుకొనెను. లేచినది ఎవరని అడిగినచో, ముందుగా ఆమె అని చెప్పుదును.

నా అభిప్రాయము ఇది. ఈ పుస్తకము చదువదగినది, కాని బైబిలు ప్రక్కన పెట్టుకొని చదువదగినది. చదువు రాని పెద్దలకు ఈ కథను చెప్పి వినిపింపుడి. చట్టము నేరమును కొలుచును. న్యాయము నేరముతో కూడ మనుష్యుని, వానిని ఆ స్థితికి తెచ్చినవారిని కూడ చూడగోరును. నీతి, తీర్పు తీర్చువాడు మొదట తన పేరు తన నోట చెప్పుకొనుటతో ఆరంభమగును. ఈ మూడవది లేనిచో మొదటిది యంత్రమగును, రెండవది దొరకదు.

కాబట్టి సంఘ పెద్దలారా, ఈసారి మీ కమిటీ కూడుకొన్నపుడు, గుమ్మము ప్రక్కన ఎవరైన నిలిచియున్నచో, నిబంధన చదువకముందు ఆమెను కూర్చుండుమనుడి. ఆమె మాట వినుడి. రెండవవాడు ఎవరని అడుగుడి, వాడు చందా ఎక్కువ ఇచ్చు ఇంటివాడైనను అడుగుడి. తీర్పు చెప్పిన తరువాత, ఈ వారము ఆమె ఇంటికి ఎవరు పోవుదురో కూడ అదే పుస్తకములో వ్రాసికొనుడి. మరల బల్లయొద్దకు ఆమెను చేర్చు దినమును ముందుగానే తలంచుకొనుడి.

నేను ఎత్తిన చేతిని వెనుకకు దించలేను. ఆ పిల్ల ఎక్కడున్నదో విచారించి, ఆలస్యముగా ఒకనాడు ఆమె ఇంటికి పోయితిని. నేను క్షమాపణ అడిగితిని. ఆమె ఏమియు అనలేదు. లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చినది. త్రాగి వచ్చితిని.

ప్రభువు మనలను, మన కమిటీలను కనికరించును గాక.